ముక్కు దారిన మెదడుకు: వెచ్చని మంచినీటి అమీబా ఎలా చేరుతుంది, ఎక్కడ ఆపవచ్చు

‘మెదడు తినే అమీబా’ అన్న మాట వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ జనం ముందుగా అనుమానించేది తాగే నీళ్లను. ఆ అనుమానం తప్పు. నిగ్లేరియా ఫౌలెరి అనే ఈ అమీబా ఉన్న నీళ్లు తాగినా జబ్బు రాదు. కడుపులోని ఆమ్లాన్ని అది తట్టుకోలేదు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. సముద్రపు ఉప్పునీటిలో బతకదు. అదే నీరు ముక్కులోకి జోరుగా ఎక్కినప్పుడు మాత్రం, చాలా అరుదుగానే అయినా, మెదడుకు చేరే దారి దానికి దొరుకుతుంది. దొరికిందంటే పది పదిహేను రోజుల్లో మనిషి దక్కకుండా పోవచ్చు.

ఎంత అరుదో, ఎంత ప్రమాదకరమో రెండూ కలిపి చూడాలి. అమెరికాలో 1962 నుంచి 2024 వరకు నమోదైన కేసులు 167. బతికింది నలుగురే. ఏడాదికి సగటున మూడు కేసులు కూడా లేవన్నమాట. అదే దేశంలో ఏటా సుమారు 4 వేల మంది నీట మునిగి చనిపోతున్నారు. కాబట్టి ఈతే మానేయమనడం సరైన సలహా కాదు. అలాగని ‘అరుదే కదా’ అని వదిలేయడమూ కుదరదు. ఎందుకంటే ఈ జబ్బులో ప్రాణం నిలబెట్టగలిగిన చోట్లు రెండే: నీరు ముక్కులోకి వెళ్లే క్షణం ఒకటి, వెన్నునీరు (మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవం) ల్యాబ్ బల్ల మీదికి చేరిన మొదటి గంట రెండోది. ఈ రెండూ దాటిపోయాక చేయగలిగింది చాలా తక్కువ.

నీటిలో దాని బతుకు

నిగ్లేరియా మనిషి కోసం కాచుకుని ఉండే పరాన్నజీవి కాదు. మట్టిలో, మంచినీటి అడుగున ఉండే ఒండ్రులో, పైపుల లోపలి జిగురు పొరలో బ్యాక్టీరియాను తింటూ దానంతట అదే బతుకుతుంది. దీనికి మూడు దశలున్నాయి. తిని, విభజన చెందేది ట్రోఫోజాయిట్ దశ. సుమారు 10 నుంచి 25 మైక్రాన్ల పరిమాణం, అంటే ఇంచుమించు మన తెల్ల రక్తకణమంత. ఈ పోలిక వల్లే ల్యాబ్‌లో పొరపాటు జరుగుతుంది. మేత కరువైతే కశాభాలు (తోకల్లాంటి పోగులు) మొలిపించుకుని ఈదుకుంటూ వేరే చోటికి పోతుంది. ఈ దశలో అది తినదు. చలికి, ఇతర ప్రతికూల పరిస్థితులకు గుండ్రటి తిత్తిగా మారి అడుగు మట్టిలో పడి ఉంటుంది. నీళ్లు వేడెక్కగానే మళ్లీ లేస్తుంది.

వేడి దీనికి బలం. 46 డిగ్రీల సెల్సియస్ వరకు పెరగగలదు. ఆ వేడికి మిగతా అమీబాలు, చిన్న జీవులు చాలావరకు తగ్గిపోతాయి కాబట్టి పోటీ లేకుండా మేతంతా దీనికే దక్కుతుంది. ఎండాకాలం చివర్లో నీటిమట్టం పడిపోయిన చెరువులు, వేడినీటి బుగ్గలు, విద్యుత్ కేంద్రాల నుంచి వేడినీరు వచ్చి కలిసే జలాశయాలు, సరిగా క్లోరిన్ వేయని ఈత కొలనులు దీనికి అనువైన చోట్లు. చల్లటి ప్రాంతమని ధీమా పడే రోజులు కూడా పోతున్నాయి. కెనడాను ఆనుకుని ఉన్న అమెరికా రాష్ట్రం మిన్నెసోటాలో 2010లో మొదటి కేసు, 2012లో రెండోది బయటపడ్డాయి.

దీనికున్న ఒక బలహీనతను గుర్తుపెట్టుకోవాలి. నిగ్లేరియా తిత్తి పూర్తిగా ఆరిపోతే చచ్చిపోతుంది. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ కొలనును రోజూ ఖాళీ చేసి, రుద్ది, ఎండలో ఆరబెట్టమని చెప్పేది అందుకే. నీళ్లు మార్చకుండా పైపైన కొత్తనీరు కలుపుతూ పోతే మాత్రం గోడలకు పట్టిన జిగురులో అది హాయిగా పెరుగుతుంది.

ముక్కు నుంచి మెదడుకు

ముక్కు పైకప్పులో వాసన పసిగట్టే పొర ఉంటుంది. దాని మీద జల్లెడలా చిల్లులున్న పలుచని ఎముక. ఆ చిల్లుల్లోంచే ఘ్రాణ నాడీ తంతువులు మెదడులోకి వెళ్తాయి. శరీరంలో బయటి లోకానికీ మెదడుకూ ఇంత దగ్గరి దారి మరొకటి లేదు. ఎత్తు నుంచి కాళ్లు ముందుగా దూకినప్పుడు, మునిగి పల్టీలు కొట్టినప్పుడు నీరు ఒత్తిడితో ఆ పైపొర దాకా చేరుతుంది. అందులోని అమీబా పొరకు అతుక్కుని, నాడీ తంతువుల వెంటే పాకి, చిల్లులు దాటి, మెదడు ముందుభాగంలో వాసనను అందుకునే ఘ్రాణ కందాలకు చేరుతుంది. అక్కడి కణజాలాన్ని ఎంజైములతో కరిగిస్తుంది, ఉపరితలం మీద నోళ్లలాంటి నిర్మాణాలతో తునకలుగా లాగి మింగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం పంపే తెల్లకణాల దాడి, దాని వల్ల వచ్చే వాపు కూడా నష్టాన్ని పెంచుతాయి. చివరికి ప్రాణం తీసేది చాలావరకు ఈ వాపే. పుర్రె లోపల ఒత్తిడి పెరిగి మెదడు కిందికి జారి, శ్వాసను నడిపే భాగం నలిగిపోతుంది.

కేసుల్లో 14 ఏళ్లలోపు మగపిల్లలు ఎక్కువగా కనిపించడానికి కారణం బహుశా వాళ్లు నీళ్లలో ఆడే తీరు: దూకడం, మునగడం, అడుగు బురద కలియబెట్టడం.

ఈతే అక్కర్లేదు, ముక్కులోకి నీరు వెళ్తే చాలని అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో 2011లో తేలింది. ఆ ఏడాది అక్కడ ఇద్దరు పెద్దవాళ్లు చనిపోయారు. ఇద్దరూ సైనస్ ఇబ్బందికి కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కునేవారు. ఇద్దరి ఇళ్లలోని నీటిలోనూ అమీబా దొరికింది. పాకిస్థాన్‌లోని కరాచీలో 2008 తర్వాత బయటపడుతున్న కేసుల్లో చాలామందికి ఈత అలవాటే లేదు. ప్రార్థనకు ముందు చేసే శుద్ధిలో భాగంగా సరఫరా నీటిని ముక్కులోకి పీల్చుకునేవారు. తాగడానికి పనికొచ్చే నీరు ముక్కులోకి పనికిరాకపోవచ్చు. ఈ ఒక్క తేడా ఇంటింటికీ తెలియాలి.

పైపులూ గోడలూ నేర్పిన పాఠాలు

ఈ జబ్బును మొదట వైద్యలోకానికి చెప్పింది ఆస్ట్రేలియా. అడిలైడ్‌కు చెందిన మాల్కమ్ ఫౌలర్, రోడ్నీ కార్టర్ 1965లో దక్షిణ ఆస్ట్రేలియా కేసులను ప్రచురించారు. అమీబా పేరులోని ‘ఫౌలెరి’ ఫౌలర్ మీదుగా వచ్చిందే. అక్కడి ఎడారి పట్టణాలకు నీరు వందల కిలోమీటర్ల దూరం నేల మీద పరిచిన ఇనుప పైపుల్లో వచ్చేది. ఎండకు పైపు కాలుతుంది, నీరు వెచ్చబడుతుంది, మొదట్లో వేసిన క్లోరిన్ సగం దారిలోనే అయిపోతుంది. చివరి ఊళ్లకు చేరేది క్లోరిన్ లేని వెచ్చటి నీరు. దారిలో మళ్లీ మళ్లీ క్లోరిన్ కలిపే కేంద్రాలు పెట్టాక, తర్వాత ఎక్కువసేపు నిలిచే క్లోరమిన్ వాడకం మొదలయ్యాక ఆ బెడద అణిగింది. ఆస్ట్రేలియా మార్గదర్శకాల లెక్క ప్రకారం నీటిలో ఎప్పుడూ లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు తగ్గకుండా స్వేచ్ఛా క్లోరిన్ (ఖర్చవకుండా ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్) ఉంటే ఈ అమీబా అదుపులో ఉంటుంది. లూసియానా 2013లో తన సరఫరా వ్యవస్థల్లో చిట్టచివరి చోటు దాకా క్రిమిసంహారకం ఇదే మోతాదుకు తగ్గకూడదని నిబంధన పెట్టింది.

చెకొస్లోవేకియాలోని ఉస్తీ నగరంలో జరిగింది ఇంకా కళ్లు తెరిపించేది. 1962–65 మధ్య ఒకే ఇండోర్ ఈత కొలనులో ఈదిన 16 మంది యువతీయువకులు చనిపోయారు. కొలను నీటికి క్లోరిన్ వేస్తూనే ఉన్నారు. లోపం గోడలో ఉంది. కొలను పొడవు తగ్గించడానికి ఒక చివర అడ్డుగోడ కట్టారు. దాని వెనక మిగిలిన ఖాళీలో నీరు చేరి, క్లోరిన్ అందక నిలవ ఉండిపోయింది. అమీబా పెరిగింది అక్కడ, మనుషులు ఈదింది ఇవతల. క్లోరిన్ ఎంత వేశామన్నది ఒక్కటే చాలదు. నీరు కదలకుండా నిలిచిన మూల ఎక్కడుందో కూడా వెతకాలని ఈ ఘటన చెబుతుంది.

ఇంటి ట్యాంకుకైనా, బావికైనా ఇదే సూత్రం. అడుగున మడ్డి, గోడలకు పాచి ఉండగా బ్లీచింగ్ పొడి చల్లితే ఆ క్లోరిన్ మడ్డిని కాల్చడానికే ఖర్చయిపోతుంది. ముందు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయాలి, గోడలు, అడుగు, మూలలు బ్రష్‌తో గట్టిగా రుద్దాలి, మడ్డిని బయటకు తోసేయాలి, వీలైతే ఆరనివ్వాలి. ఆ తర్వాతే నీరు నింపి క్లోరిన్ కలపాలి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి అన్నది మామూలుగా వాడే లెక్క. పొడిలో 25 నుంచి 33 శాతం క్లోరిన్ ఉంటే ఈ మోతాదు లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాములు అవుతుంది. పొడిని నేరుగా చల్లకుండా, కొద్ది నీటిలో ముద్దలా కలిపి, మరిన్ని నీళ్లు పోసి తేరనివ్వాలి. సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి కలియబెట్టాలి. గంట సేపు కదలకుండా ఉంచాలి.

ఇక్కడ తరచూ జరిగే తప్పులు రెండు. ఒకటి, మూత తీసి నెలల తరబడి ఉంచిన పొడి వాడటం. అందులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. రెండోది, వేసిన మోతాదునే మిగిలిన మోతాదు అనుకోవడం. నీటిలోని మలినాలు ఎంత క్లోరిన్‌ను తినేశాయో కంటికి కనిపించదు. అందుకని గంట తర్వాత క్లోరిన్ టెస్ట్ కిట్‌తో కొలవాలి, అదీ ట్యాంకు పక్కన కాదు, అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి దగ్గర. 0.5 చూపకపోతే మళ్లీ కలపాలి. ఎండ, వేడి క్లోరిన్‌ను త్వరగా పోగొడతాయి కాబట్టి ఒకసారి చేసి ఊరుకునే పని కాదు.

ఈత కొలనుకు లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము క్లోరిన్, ఎండకు క్లోరిన్ పోకుండా సయనూరిక్ ఆమ్లం వాడే కొలనుకు 2, వేడినీటి టబ్బుకు 3 ఉండాలి. పీహెచ్ 7.0–7.8 మధ్య నిలవాలి. పీహెచ్ పెరిగేకొద్దీ అంతే క్లోరిన్ ఉన్నా దాని పదును తగ్గిపోతుంది.

చెరువుల్లో, సరస్సుల్లో ఇవేవీ కుదరవు. అక్కడి నీటిని పరీక్షించి ‘ఇది క్షేమం’ అని బోర్డు పెట్టడం కూడా అర్థం లేని పనే. అమీబా ఈ రోజు ఒక మూల ఉంటుంది, రేపు మరో మూల. ఎంత సంఖ్య దాటితే ప్రమాదమో చెప్పే ప్రమాణమూ లేదు. వెచ్చటి మంచినీరు ఎక్కడున్నా అమీబా ఉండవచ్చనే అనుకుని ముక్కును కాపాడుకోవాలి. తల పైకి ఉంచి ఈదడం, దూకేటప్పుడు ముక్కు మూసుకోవడం లేదా క్లిప్ పెట్టుకోవడం, లోతు తక్కువ చోట బురద కలపకపోవడం, ఎండలు ముదిరి నీరు తగ్గిన రోజుల్లో మునకలు మానుకోవడం. పిల్లలకైతే స్నానంలో పైపు, హోస్ నేరుగా ముక్కులోకి కొట్టుకోవద్దని విడిగా చెప్పాలి.

ముక్కు కడుక్కునే అలవాటున్నవారు నీటిని మరిగించాల్సిందే. పెద్ద బుడగలతో తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, సముద్రమట్టానికి 2 వేల మీటర్ల ఎత్తు దాటిన ప్రాంతాల్లో మూడు నిమిషాలు. మూత పెట్టి చల్లార్చి, శుభ్రమైన మూత పాత్రలో ఉంచి, 24 గంటల్లోపు వాడాలి. గోరువెచ్చగా చేసుకున్న నీళ్లు మరిగించిన నీళ్లతో సమానం కావు. ఆ వెచ్చదనం అమీబాకు ఇష్టమైనదే. ఉప్పు కలిపితే చాలన్నదీ అపోహే. ముక్కుకు మంట పుట్టించనంత ఉప్పు అమీబాను చంపదు. ఫిల్టర్ వాడితే దాని మీద ‘ఆబ్సొల్యూట్ 1 మైక్రాన్’ లేదా అంతకంటే సన్నని రంధ్రాలని స్పష్టంగా ఉండాలి. పాత్రను ప్రతిసారీ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

జబ్బు మొదలైతే

నీరు ఎక్కిన ఒకటి నుంచి 12 రోజుల్లోపు, సగటున ఐదో రోజున, లక్షణాలు మొదలవుతాయి. నుదుటి భాగంలో తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు. కొందరికి వాసన, రుచి మారినట్టు అనిపిస్తుంది. అమీబా మొదట చేరేది ఘ్రాణ కందాలకే మరి. ఆ వెంటనే మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, తికమక, ఫిట్స్, స్పృహ తప్పడం. మరణం లక్షణాలు మొదలైన ఒకటి నుంచి 18 రోజుల మధ్య, సగటున ఐదు రోజులకు. పైకి చూస్తే ఇది అచ్చం బ్యాక్టీరియా మెనింజైటిస్. వెన్నునీటిలోనూ అదే రూపం: ఒత్తిడి ఎక్కువ, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) ఎక్కువ, ప్రొటీన్ ఎక్కువ, గ్లూకోజ్ తక్కువ. మొదటి రోజుల్లో తీసిన మెదడు స్కాన్ మామూలుగానే ఉండవచ్చు.

దారి తప్పేది ఇక్కడే. రిపోర్టు చూసి బ్యాక్టీరియా అనుకుంటారు, గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి బ్యాక్టీరియాను వెతికే పరీక్షలో) ఏమీ దొరకదు, కల్చర్ (నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) కోసం రెండు రోజులు ఎదురుచూస్తారు. ఆ రెండు రోజులే ఈ రోగికి ఉన్న కాలం. గ్రామ్ స్టెయిన్‌కు స్లైడును వేడి చేసి ఆరబెడతారు. ఆ వేడికి అమీబా చితికిపోతుంది. నమూనాను ఫ్రిజ్‌లో పెడితే కదలిక ఆగి గుండ్రంగా ముడుచుకుంటుంది. కణాలను లెక్కించే యంత్రం దాన్ని తెల్లకణంగానే లెక్కేస్తుంది. అంటే రోజూ చేసే పద్ధతులన్నీ సవ్యంగా చేసినా అమీబా దొరక్కపోవచ్చు.

చేయాల్సిన పని చిన్నది. వెన్నునీరు తీసిన వెంటనే, గది ఉష్ణోగ్రతలోనే, ఒక చుక్క గోరువెచ్చటి స్లైడు మీద వేసి కవర్ స్లిప్ పెట్టి 400 రెట్లకు చూడాలి. రంగులేని కణాలను తేటగా చూపే ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని లేకపోతే, మామూలు దానిలోనే వెలుతురును కూడగట్టే కండెన్సర్ దించి వెలుతురు తగ్గించాలి. తెల్లకణాల మధ్య ఒకటి మొద్దుగా ముందుకు పొంగుతూ ఒక దిశగా జారుతుంటే అదే ఆనవాలు. ఒకే కేంద్రకం, దాని నడుమ పెద్ద కేంద్రకాంశం, చుట్టూ తేలికైన వలయం. రంగు వేయాలనుకుంటే గీమ్సా లేదా రైట్ స్టెయిన్ మేలు. పీసీఆర్ (జన్యు పరీక్ష)తో జాతి ఏదో రూఢి చేసుకోవాలి, కానీ ఆ ఫలితం వచ్చేదాకా మందు ఆపకూడదు. బ్యాక్టీరియా కాదని తేలేవరకు మామూలు యాంటీబయాటిక్స్ కూడా కొనసాగించాలి.

రోగి ఇంటివాళ్ల వంతు ఒక్క వాక్యం: గత రెండు వారాల్లో ఎక్కడ ఈదారు, ముక్కులోకి నీళ్లు ఎక్కాయా, ముక్కు కడుక్కుంటారా అన్నది అడగకపోయినా వాళ్లే చెప్పాలి. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనిషి ఏం వెతకాలో ఆ వాక్యంతోనే తెలుస్తుంది.

కేరళలో 2024, 2025లలో కేసులు బాగా పెరగడాన్ని ఈ కోణంలోంచి కూడా చదవాలి. మెదడువాపు రోగుల వెన్నునీటిలో అమీబా కోసం పట్టుబట్టి వెతకడం అక్కడ అలవాటుగా మారింది, వెతికేకొద్దీ దొరికాయి. ఆ లెక్కల్లో నిగ్లేరియాతో పాటు అకాంతమీబా వంటి ఇతర అమీబాలూ ఉన్నాయి. కాబట్టి అక్కడి మరణాల శాతాన్ని నిగ్లేరియా ఒక్కదాని 97 శాతంతో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అకాంతమీబా, బాలముథియా వేరే రకం శత్రువులు. చర్మపు గాయాల నుంచి, ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా మెదడుకు చేరతాయి, వారాల నుంచి నెలల పాటు నెమ్మదిగా పెరుగుతాయి, స్కాన్‌లో గడ్డల్లా కనిపించి క్షయ అనో కణితి అనో పొరబడేలా చేస్తాయి. అకాంతమీబా మెదడు జబ్బు ఎక్కువగా రోగనిరోధక శక్తి తగ్గినవారికే వస్తుంది. దాని తిత్తి ఎండినా ఏళ్ల తరబడి బతికి ఉంటుంది.

నిగ్లేరియాకు చికిత్స ఒక్క మందుతో సాగదు. ప్రధానమైనది ఆంఫోటెరిసిన్ బి, నరంలోకీ, వెన్ను ద్వారానూ. మూత్రపిండాలకు సులువని లైపోజోమ్ రకాన్ని (మందును కొవ్వు పొరలో చుట్టిన రూపాన్ని) ఎంచుకోవాలనిపిస్తుంది గానీ, ఈ అమీబా మీద పాతకాలపు డీఆక్సికోలేట్ రకమే బాగా పనిచేస్తుంది. రోజుకు కిలో బరువుకు 1.5 మిల్లీగ్రాములు రెండు విడతలుగా మూడు రోజులు, తర్వాత 1 మిల్లీగ్రాము చొప్పున 11 రోజులు. దానికి తోడు అజిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, రిఫాంపిన్, మిల్టెఫోసిన్ 28 రోజులు. వాపు తగ్గడానికి మొదటి నాలుగు రోజులు డెక్సామెథసోన్. మందులతో సమానంగా ముఖ్యమైనది పుర్రెలోని ఒత్తిడిని గంటగంటకూ కొలుస్తూ తగ్గించడం.

2013లో అమెరికాలో ఇద్దరు పిల్లలు ఈ జబ్బుతో బతికారు. ఇద్దరికీ మిల్టెఫోసిన్ అందింది. పన్నెండేళ్ల అమ్మాయికి లక్షణాలు మొదలైన 36 గంటల్లోనే చికిత్స మొదలైంది, వాపు అణచడానికి శరీరాన్ని చల్లబరిచారు కూడా. పూర్తిగా కోలుకుని బడికి వెళ్లింది. ఎనిమిదేళ్ల అబ్బాయికి జబ్బు పోల్చుకునేసరికే చాలా రోజులు గడిచాయి, శరీరాన్ని చల్లబరిచే చికిత్సా జరగలేదు. ప్రాణం దక్కింది కానీ మెదడుకు తీవ్రమైన నష్టం మిగిలింది. కాలా అజార్ అనే పరాన్నజీవి జ్వరానికి వాడే మిల్టెఫోసిన్ మామూలు ఆసుపత్రి ఫార్మసీలో దొరికే మందు కాదు. వెచ్చటి నీటి కాలం మొదలవకముందే ఆ మందు ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఎన్ని గంటల దూరంలో ఉందో ప్రతి పెద్దాసుపత్రికీ తెలిసి ఉండాలి.